ఎఫ్‌కేఏ ట్విగ్స్ ‘మెలిస్సా’ ఈపీ: విమర్శకులు విన్నారా, చూశారా?

అనుస్వరం: 2015 ఆగస్టులో ముందస్తు ప్రచారం లేకుండా విడుదలైన ఈ బ్రిటిష్ గాయని అయిదు పాటల ఈపీకి (పూర్తి ఆల్బమ్ కన్నా చిన్న పాటల సంకలనం) అందిన ప్రశంసల్లో ఎక్కువ భాగం నిజానికి దానితోపాటు వచ్చిన 16 నిమిషాల చిత్రానికి చెందవలసినవని నా అభిప్రాయం. ‘ఐయామ్ యువర్ డాల్’లో ఆమె ముఖం తగిలించిన గాలిబొమ్మ దృశ్యాన్ని వర్ణించినంత శ్రద్ధగా ఆ పాట నడకను వివరించిన సమీక్ష నాకు కనిపించలేదు. తెర ఆపేసి వింటే ఈ పాటలు నిలబడతాయా?

మంద్రస్వరం: నిలబడతాయి. ఆ చిత్రానికి దర్శకురాలు ఆమే కాబట్టి దృశ్యాన్ని పైపూతగా లెక్కగట్టడం సరికాదు. అయినా మీరు అడిగినట్టు కళ్లు మూసుకునే వినండి. ‘గ్లాస్ అండ్ పట్రోన్’ గుసగుసలతో మొదలై, గట్టి క్లబ్బు తాళంలోకి దూకినప్పుడు గొంతులోని బిడియమంతా ఆజ్ఞగా మారుతుంది. ఆ మార్పు గర్భం లోంచి రంగురంగుల వస్త్రాలు బయటికి లాగే దృశ్యం వల్ల పుట్టలేదు; స్వరకల్పనలోనే ఉంది.

అనుస్వరం: మీరు ఉదహరించిన పాట మార్చిలోనే బయటికి వచ్చింది. అంటే కొత్తవి నాలుగే. అంతకు ముందు ఏడాది ‘ఎల్‌పీ1’ వంటి పూర్తి ఆల్బమ్‌తో బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి తుది జాబితాకు చేరిన కళాకారిణి నాలుగు కొత్త పాటలు ఇస్తే, దాన్ని సంపూర్ణ కృతిగా కొలవడం అతిశయోక్తి.

తాళపత్రం: పాటల సంఖ్యతో గుణాన్ని తూచే పద్ధతి ఎక్కడిదో నాకు అర్థం కావడం లేదు.

అనుస్వరం: సంఖ్య గురించి కాదు, కొలమానం గురించి మాట్లాడుతున్నాను. 2013 నాటి ‘ఈపీ2’లోనూ నాలుగు పాటలే ఉన్నాయి, కానీ వాటిలో వెనిజులాకు చెందిన సంగీత నిర్మాత (పాట శబ్దాన్ని తీర్చిదిద్దే వ్యక్తి) ఆర్కా చేతి పనితనం ప్రతి నిశ్శబ్దంలోనూ తెలిసేది. ఈ ఈపీలో ఆర్కా లేని లోటు స్పష్టంగా వినిపిస్తోంది.

రాగమాలిక: ఇంతసేపూ దాగిన మాట ఇప్పుడు బయటపడింది. నేనూ సొంతంగా ఒక ఈపీ చేశాను. ఇల్లు నాదే, కంప్యూటరు నాదే, రాత్రుళ్లు మేలుకుని ప్రతి శబ్దాన్నీ చెక్కిందీ నేనే. అయినా నా ఈపీని విన్న ఒక సమీక్షకుడు మొట్టమొదట అడిగిన ప్రశ్న, సంగీతం ఎవరు సమకూర్చారని. సమాధానం చెప్పాక కూడా అతను నమ్మలేదు. మీ వ్యాఖ్యలో నాకు అదే ప్రశ్న వినిపిస్తోంది.

అనుస్వరం: మీకు జరిగిన అన్యాయానికి విచారిస్తున్నాను, కానీ దాన్ని నా మీద రుద్దడం న్యాయం కాదు. సహనిర్మాత పేరు ప్రస్తావించడమే నేరమైతే అమెరికన్ సంగీత నిర్మాత బూట్స్ పేరు కూడా ఎత్తకూడదు. ఆయన ఈ ఈపీలో పనిచేశారన్నది వాస్తవం.

మంద్రస్వరం: పేరు ఎత్తడంలో తప్పు లేదు, ఆమె పేరు దాటవేయడంలో ఉంది. ‘ఈపీ2’ నిర్మాణంలో ఆర్కాతోపాటు ట్విగ్స్ కూడా ఉన్నారు. ఈ ఈపీ నిర్మాతల్లోనూ ఆమె ఉన్నారు. ఇదే 2015 జనవరిలో ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ ఒక ముఖాముఖిలో, తాను ఆర్కాతో కలిసి నిర్మించిన తన ఆల్బమ్ ‘వల్నికూరా’కు ఆర్కానే ఏకైక నిర్మాతగా పత్రికలు రాశాయని బాధపడ్డారు. అంతటి అనుభవజ్ఞురాలికే ఆ పరిస్థితి ఎదురైనప్పుడు, మీ చెవికి తోచిన ‘లోటు’ ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి పరిశీలించుకోవలసిన అవసరం లేదంటారా?

అనుస్వరం: నేను శబ్దం గురించి చెబుతుంటే మీరు నా ఉద్దేశాన్ని విచారిస్తున్నారు. పేరు చూడకుండా విన్నా ‘ఇన్ టైమ్’ నాకు మామూలు పాప్‌కు దగ్గరగానే తోస్తుంది.

రాగమాలిక: అలాగైతే అది ఆమె నిర్ణయమని రాయండి, నచ్చలేదని కూడా రాయండి, నాకు అభ్యంతరం లేదు. ‘ఇన్ టైమ్’లో గొంతును వంచి, కరకుగా మార్చి, ప్రేమలో ఉన్న కోపాన్ని యంత్రం చేత పలికించిన తీరు నాకు ఈపీ మొత్తంలో అత్యంత సాహసోపేతంగా అనిపించింది. మీకు అది బలహీనతగా వినిపిస్తే, ఆ బలహీనతను కూడా ఆమె ఖాతాలోనే వేయండి. మెచ్చుకున్నప్పుడు ఆర్కా, నచ్చనప్పుడు ఆర్కా లేకపోవడం అంటే, ఈ పాటల్లో ఆమె ఏం చేసినట్టు?

తాళపత్రం: ఈ ప్రశ్నకు అనుస్వరం గారి సమాధానం చదవాలని ఉంది.

అనుస్వరం: ‘ఇన్ టైమ్’ విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఆమె నిర్ణయమనే అంగీకరిస్తాను, ఆ నిర్ణయం నాకు నచ్చలేదు.