నాచు పట్టిందని చేపల కడుపు మాడ్చాలా?

ఉప్పునీటి కల (హైదరాబాద్)

నాది 300 లీటర్ల సముద్రపు చేపల తొట్టి. పెట్టి ఏడు నెలలైంది. పగడాలు లేవు, రాళ్లూ చేపలూ మాత్రమే: రెండు క్లౌన్ చేపలు, ఒక డామ్సెల్, ఒక చిన్న బ్లెన్నీ, మూడు ఆంథియాస్. రెండు నెలలుగా రాళ్లన్నిటి మీదా వెంట్రుకల్లాంటి పచ్చ నాచు వేలెడు పొడవున పెరుగుతోంది. టెస్ట్ కిట్‌తో చూస్తే నాచుకు ఎరువులాంటి ఫాస్ఫేట్ లీటరుకు 0.02 మిల్లీగ్రాములు, నైట్రేట్ 5, రెండూ తక్కువే. ఆ అంకెలకూ కళ్లకు కనిపిస్తున్న దానికీ పొంతన లేదు.

చేపలు కొన్న దుకాణంలో అడిగితే మేత ఎక్కువైందనీ, రోజు విడిచి రోజు వేయమనీ చెప్పారు. మూడు వారాలు అలాగే చేశాను. నాచు తగ్గలేదు. ఆంథియాస్ మాత్రం చిక్కిపోయాయి, తల వెనుక గుంటలు పడ్డాయి. నిన్న ఉదయం ఒకటి చనిపోయి కనిపించింది. చేపలు ఆకలితో ఉంటే తప్ప తొట్టి శుభ్రంగా ఉండదా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

గోదారి గట్టు (భీమవరం)

చేప పోయినందుకు బాధగా ఉందండి. అయినా దుకాణం వారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. మాది రొయ్యల చెరువుల ఊరు. మేత వేశాక చెక్ ట్రే పైకి తీసి చూస్తాం, మిగిలి ఉంటే తరువాతి పూట తగ్గిస్తాం. మిగిలిన మేత అడుగున కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది, నీటి రంగు మారిపోతుంది. ఎకరాల చెరువులోనే అలా ఉంటే 300 లీటర్ల తొట్టి సంగతి చెప్పాలా? ఆరేళ్లుగా ఇంట్లో ఉప్పునీటి తొట్టి నడుపుతున్నాను. రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేస్తాను. చేప తిన్నది నాచుకు అందదు, తినకుండా వదిలేసిందే దానికి ఎరువు.

పగడపు తోట (డాలస్)

గోదారి గట్టు గారూ, మీ చివరి వాక్యంతోనే నా పేచీ. తిన్న మేత ఎక్కడికి పోతుంది?

లెక్క వేద్దాం. ఎండు మేతలో భాస్వరం నూటికి ఒక వంతు అనుకోండి. ఒక గ్రాము మేతలో 10 మిల్లీగ్రాములు. అది ఫాస్ఫేట్‌గా మారితే 30 మిల్లీగ్రాములు. 300 లీటర్లలో కలిస్తే లీటరుకు 0.1. ఒక్క గ్రాముకు ఇది! అదే గ్రాములో సగం మాంసకృత్తులైతే నైట్రేట్ లీటరుకు 1.2 వరకు పెరగగలదు. ఎదిగిన చేప ఒంటికి పట్టేది చాలా తక్కువ. మిగతాదంతా మొప్పల గుండా అమ్మోనియాగా, లేదా మలమూత్రాలుగా మళ్లీ నీటిలోకే వస్తుంది. రెండు నిమిషాల్లో తిన్నా, మిగిల్చినా చివరికి చేరే చోటు ఒకటే. మిగిలిన మేత కుళ్లి నీటిని తొందరగా పాడుచేస్తుంది, అంతవరకు మీ మాట నిజం.

మీ చెరువుకూ తొట్టికీ అసలు తేడా ఇంకోటి ఉంది. చెరువులో పట్టుబడి రోజు వస్తుంది. టన్నుల కొద్దీ రొయ్యలు బయటికి వెళ్తాయి, మేతలోని నత్రజని, భాస్వరంలో కొంత వాటితో పాటే వెళ్లిపోతుంది. మన తొట్టిలో పట్టుబడి అంటూ లేదు. లోపలికి రావడమే గానీ పోవడం లేదు. అందుకని సంప్‌లో, అంటే తొట్టికి కలిపి ఉండే వడపోత తొట్టిలో, చీటో లాంటి పెద్ద నాచును దీపం కింద పెంచి, వారం వారం కోసి పారేయాలి. మన పట్టుబడి అదే. ఇక 0.02 అనే అంకె సంగతి: నీటిలో కలిసిన ఫాస్ఫేట్‌ను కిట్ చూసేలోపే నాచు లాగేసుకుంటోంది, కొంత రాళ్లకు పట్టుకుంటోంది. అంకె తక్కువని మోసపోవద్దు.

ఆంథియాస్ సముద్రంలో రోజంతా ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) ఏరుకు తినే చేపలు. వాటిని పస్తులుంచడం తప్పు. నా తొట్టిలో ఉన్నవాటికి రోజుకు ఐదుసార్లు వేస్తాను.

గోదారి గట్టు (భీమవరం)

పట్టుబడి మాట ఆలోచింపజేసింది, ఒప్పుకుంటున్నాను. కానీ ఉప్పునీటి కల గారి సంప్‌లో ఇప్పుడు చీటో ఉందో లేదో తెలియదు. లేకపోతే అది కుదురుకోవడానికే వారాలు పడుతుంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు కాకూడదు. ముందు తూము తెరవండి, అంటే ఎరువు బయటికి పోయే దారి చూడండి, ఆ తరువాతే మేత పెంచండి. ఈ వరస తప్పితే ఐదు పూటల మేత నేరుగా రాళ్ల మీది నాచుకే పోతుంది.

నీటి మార్పిడితో సరిపెట్టుకుందామని ఎవరైనా అంటారేమో, నేనే చెబుతాను, సరిపోదు. పగడపు తోట గారి లెక్క ప్రకారమే రోజుకు గ్రాము చొప్పున వారానికి 0.7 చేరుతుంది. వారానికి పది శాతం నీరు మారిస్తే తొట్టిలో ఉన్నదాంట్లో పదో వంతే బయటికి పోతుంది.

నీలికెరటం (విశాఖపట్నం)

మేత గురించి ఇంత మాట్లాడుతున్నారు, నీరు ఎక్కడిదో ఎవరూ అడగలేదు. ఉప్పునీటి కల గారూ, తొట్టికి ఏ నీరు పోస్తున్నారు? మా ఇంట్లో సముద్రపు నీరే తెచ్చి వాడతాం. వానలు పడిన వారం మాత్రం తీసుకురాము, ఒడ్డున మురుగు కలిసి ఉంటుంది.

ఉప్పునీటి కల (హైదరాబాద్)

వంటింటి ఆర్‌ఓ నీరు. దానిలోనే ఉప్పు కలుపుతాను. వేసవిలో ఆవిరయ్యేదానికి బదులు రోజూ మూడు నాలుగు లీటర్లు పోస్తాను. మీరు అడిగాక టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల) మీటరు పెట్టి చూశాను, 120 చూపించింది. సంప్‌లో నురగతో మలినాలను తీసే చిన్న స్కిమ్మర్ ఉంది, చీటో లేదు.

నీలికెరటం (విశాఖపట్నం)

దొరికింది. తాగడానికి రుచిగా ఉండాలని వంటింటి ఆర్‌ఓలో పచ్చి నీటిని కొంత తిరిగి కలిపే మీట ఉంటుంది. మీది బోరు నీరైతే అందులో నైట్రేట్ కూడా ఉండవచ్చు, సిలికేట్ ఎలాగూ ఉంటుంది. తొట్టిలో నీరు ఆవిరవుతుంది గానీ అవి ఆవిరవవు. రోజూ నాలుగు లీటర్లు అంటే వాటిని రోజూ పోగేస్తున్నట్టే. ఆ మీట మూసేయించి, చివర డీఐ రెజిన్ గొట్టం (మిగిలిన లవణాలను పట్టేసే వడపోత) పెట్టించండి. మీటరు సున్నా దగ్గరికి రావాలి. ఇది చేయకుండా మేత తగ్గించి చేపను చంపుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది.

చిన్న తొట్టి (విజయవాడ)

నాదొక సందేహం. గడ్డకట్టించిన మైసిస్‌ను (చిన్న రొయ్యల్లాంటి మేత) నీళ్లలో కరిగించి, ఆ నీటిని వడకట్టి పారబోయమంటారు కొందరు. దానివల్ల ఫాస్ఫేట్ తగ్గుతుందా?

పగడపు తోట (డాలస్)

కొంత తగ్గుతుంది, కానీ అసలు భాస్వరం మైసిస్ కండలోనే ఉంటుంది. చేప దాన్ని తినాల్సిందే కదా. వడకట్టడం మంచి అలవాటే, చేయండి. అదే మందు అనుకుని మిగతావి మానేయకండి.

లోతునీరు (మెల్‌బోర్న్)

నేను రెండో వైపు ప్రమాదం చూసినవాణ్ని. నాచు భయంతో మేత సగం చేశాను. ఫాస్ఫేట్‌ను పీల్చే ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికలు పెట్టాను, నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు దించాను. పచ్చ నాచు పోయింది. దాని స్థానంలో గోధుమరంగు జిగురు తీగలు, వాటిలో గాలి బుడగలు. అవి డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు. నత్తలు వరసగా చచ్చిపోయాయి. ఆరు నెలలు పోరాడాను. చివరికి మేత పెంచి, నైట్రేట్‌ను నా చేతులతోనే తొట్టిలో కలిపాక తగ్గాయి. పోటీపడే జీవులు లేకుండా చేస్తే ఖాళీ స్థలంలోకి అంతకంటే చెడ్డవి వస్తాయి.

ఇంకో మాట. ఫాస్ఫేట్ 0.03కు మించకూడదని తరచుగా వినిపించే మాట పగడాల కోసం చెప్పింది. భారతదేశంలో రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి కాబట్టి ఉప్పునీటి కల గారి తొట్టిలో అవి లేకపోవడమే సరైనది. వట్టి చేపల తొట్టికి 0.1 ఉన్నా, నైట్రేట్ 20 ఉన్నా చేపలకు హాని లేదు. అంకె కోసం వాటిని మాడ్చవద్దు.

చిన్న తొట్టి (విజయవాడ)

నాచు తినే నత్తలను వేస్తే సరిపోదా?

గోదారి గట్టు (భీమవరం)

వేయండి, రాళ్లు శుభ్రపడతాయి. కానీ నత్త తిన్న నాచు మలంగా మళ్లీ అదే నీటిలోకి వస్తుంది. చేత్తో పీకి బకెట్లో వేసిన నాచు మాత్రం బయటికి పోయినట్టే. ఈ విషయంలో పగడపు తోట గారితో నాకు పేచీ లేదు.

ఉప్పునీటి కల (హైదరాబాద్)

ఐదు వారాల తరువాత రాస్తున్నాను. మీట మూయించి రెజిన్ గొట్టం పెట్టించాను, టీడీఎస్ ఇప్పుడు 2. ప్రతి ఆదివారం రాళ్లు తీసి బకెట్లో పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతున్నాను. సంప్‌లో చీటో వేసి, ఇంట్లో దీపాలు ఆర్పాక దానికి దీపం వెలిగేలా టైమర్ పెట్టాను. మేతను వంటింటి త్రాసు మీద కాకుండా నగల త్రాసు మీద తూచాను. నేను "చిటికెడు" అనుకుంటూ మొదట్లో రోజూ వేసినది 2.3 గ్రాములు! ఇప్పుడు ఉదయం నుంచి రాత్రి వరకు నాలుగు పూటలు, పూటకు 0.3 గ్రాములు. ముందువైపు రాళ్లు తేటపడ్డాయి, వెనుక రాయి మీద నాచు ఇంకా ఉంది. నిన్న మొదటిసారి చీటో కోశాను, 90 గ్రాములు.

గోదారి గట్టు (భీమవరం)

అయితే మొత్తం మేత దాదాపు సగానికి తగ్గించారు కదండీ. నేను చెప్పింది కూడా అదే. పూటలు పెంచడం పగడపు తోట గారి మాట, తూకం తగ్గించడం నా మాట. ఇంకో సంగతి, 90 గ్రాముల పచ్చి చీటోలో ఎక్కువ భాగం నీరే. ఎండబెట్టి తూచండి. అందులో పోయే భాస్వరం మీరు వారమంతా వేసే మేతకు సరిపోదని నా అనుమానం.

పగడపు తోట (డాలస్)

సరిపోదు, నిజమే. అందుకే స్కిమ్మర్ కప్పును రెండు రోజులకోసారి కడగాలి, అడుగున పేరుకున్న మడ్డిని సైఫన్‌తో లాగాలి, ఫాస్ఫేట్ 0.1 దాటితే కొద్దిగా ఫెర్రిక్ ఆక్సైడ్ పెట్టాలి. ఒక్క దారి మీదే ఆధారపడమని నేను అనలేదు. మేత అంతకంటే తగ్గించవద్దని మాత్రం మళ్లీ అంటున్నాను.

ఉప్పునీటి కల (హైదరాబాద్)

ఎండబెట్టాను, 9 గ్రాములే మిగిలింది. గోదారి గట్టు గారి అనుమానం నిజమైంది, ఈ వారం నుంచి స్కిమ్మర్ కప్పు లెక్క కూడా రాస్తాను. మిగిలిన రెండు ఆంథియాస్‌లో పెద్దదాని వీపు మళ్లీ గుండ్రంగా అయింది. రెండోదాని తల వెనుక గుంట ఇంకా పూడలేదు. దానికోసం రాత్రి తొమ్మిదికి ఐదో పూట కూడా వేస్తున్నాను.