ఓకస్సా, వేశ్మమా?

పాతపలక: నాలుగు రోజులుగా ఓ వాక్యం బుర్ర తొలిచేస్తోంది. మా వృక్షశాస్త్రం మాస్టారు ఎకాలజీ పాఠం ఎత్తుకుంటూ, "ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు, ఈ శాస్త్రం ––– చూసి జీవిని చూడమంటుంది" అన్నారు. ఖాళీలో మాట గుర్తు రావట్లేదు. నాలుగక్షరాలని మాత్రం గుర్తు.

హల్లు: నాలుగైతే 'ఆవరణ'. అయినా ఎకాలజీకి 'ఆవరణ శాస్త్రం' అన్న పేరే నాకు నచ్చదు. 1866లో జర్మన్ జీవశాస్త్రవేత్త హెకెల్ 'ఎకాలజీ' అన్న పేరు కట్టింది గ్రీకు 'ఓయికోస్' మీద, అంటే ఇల్లు. మనవాళ్లు ఇల్లొదిలేసి ప్రహరీ పట్టుకున్నారు. పైగా వేదాంతంలో ఆవరణం అంటే నిజాన్ని కప్పేసే తెర!

అమరం అభిమాని: ఓయికోస్ దాకా ఎందుకండీ, మన 'ఓకస్' లేదూ, అదీ ఇల్లే కదా? దివౌకసులు, వనౌకసులు, ఆఖరికి నీళ్లే ఇల్లయిన జలౌక, మన జలగ. 'ఓకశ్శాస్త్రం' అని పెట్టుకుంటే పోయేది.

హల్లు: చెవికి ఇంపుగా ఉన్నంత మాత్రాన చుట్టరికం కుదరదండీ. గ్రీకు మాట మొదట్లో వకారం ఉండేది, తర్వాత రాలిపోయింది. లాటిన్ 'వీకుస్' (ఊరు)లో అది నిలిచింది. ఆ 'వ' తిరిగి పెట్టి చూస్తే మనకు దొరికేది 'విశ్' ధాతువు: వేశ్మము (ఇల్లు), నివేశనం, ప్రవేశం. ఓకస్ వేరే ఇంటిపిల్ల.

అమరం అభిమాని: రాలిపోయిన వకారాన్ని ఎవరు చూసొచ్చారట?

హల్లు: పాత గ్రీకు శాసనాల్లో చెక్కి ఉంది.

చెరువుగట్టు: ధాతువులు మీకే వదిలేస్తున్నా. నేను రోజూ చూసేది నీళ్లలో నానిన ఆకు. గోటితో గీస్తే జిగురు పొర వస్తుంది, బాక్టీరియా, శిలీంధ్రాలూను. పైన నత్త దాన్ని గీరి తింటుంటుంది, అడుగున ఏదో లార్వా దాక్కుంటుంది. ఇప్పుడు ఆ ఆకు ఇల్లా, అన్నమా, ఆవరణా? అందుకే 1935లో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త టాన్స్‌లీ జీవుల్నీ పరిసరాల్నీ విడదీయకుండా కలిపి 'వ్యవస్థ' (ఎకోసిస్టమ్) అన్నాడు, భౌతికశాస్త్రంలో వాడే అర్థంలోనే. 1942లో అమెరికన్ పరిశోధకుడు లిండెమన్ మిన్నెసోటాలో ఓ చిన్న సరస్సు బతుకంతా శక్తి లెక్కల్లో రాశాడు. అంతకుముందే, 1926లో, గణితం మనిషి వోల్టెరా ఏడ్రియాటిక్ చేపల వివరాలు పట్టుకుని వేటకీ వేటాడేదానికీ సమీకరణాలు కట్టాడు. ఎకానమీ కూడా ఓయికోస్ కడుపున పుట్టిందే కదా. నన్నడిగితే అసలు మాట 'జమాఖర్చు'.

పాతపలక: నాలుగక్షరాలే గానీ, ఆ మాట కాదమ్మా.

అమరం అభిమాని: జమాఖర్చంటే పోతన గారి చెట్లు గుర్తొచ్చాయి. "అపకారంబులు సేయ వెవ్వరికి" పద్యం ఒక పద్దుల పుస్తకమే. బెరడు, గంధం, బంక, బూడిద... మోదుగు చివుళ్లు కూడా.

హల్లు: మోదుగు ఎక్కడ దొరికింది? 'పలాశాగ్ర'లో పలాశం ఉత్త ఆకు. సంస్కృత మూలంలో 'తోక్మ' ఉంది, మొలక, చిగురు. మూడో పాదం 'స్మ పలాశాగ్ర' అని మొదలవుతుంది, ప్రాసకి పకారం కావాలి, అందుకని పలాశం వచ్చి కూర్చుంది.

అమరం అభిమాని: పోతన గారు ప్రాస కోసం దేవులాడారంటారా!

హల్లు: అనలేదు స్వామీ. ఇంకో సంగతి చూడండి. మూలంలో 'దారు' ఉంది, కట్టె. ఆయన దాన్ని వదిలేసి 'మరంద' చేర్చాడు. చెట్టును నరికితే గానీ కట్టె రాదు, తేనెకి ఆ అవసరం లేదు. పద్దులో ఆ ఒక్క మార్పు చాలు నాకు.

చెరువుగట్టు: బాగుంది. మరి పద్దులో భస్మం ఉందన్నారుగా? కట్టె కాలకుండా బూడిద ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?

అమరం అభిమాని: రాలిన ఆకులు.

చెరువుగట్టు: రాలిన ఆకులు నా చెరువుకి కావాలి, కాల్చకండి.

పాతపలక: మీ వకారం, పకారం విన్నాక మాస్టారి మాట మూడక్షరాలేమోనని అనుమానం వస్తోంది.