కెమ్మన్స్ విల్సన్‌ను చవక హోటళ్లకు ఆద్యుడనడం సరైనదేనా?

ప్రశ్న – లాడ్జి అబ్బాయి, రాజమహేంద్రవరం

మా నాన్నగారు రైల్వే స్టేషను దగ్గర పద్నాలుగు గదుల లాడ్జి నడుపుతున్నారు. కౌంటరు అద్దం కింద పెట్టిన రేట్ల కాగితంలో గది అద్దె కంటే పెద్ద అక్షరాలతో ‘అదనపు పరుపునకు రూ. 150’ అని ఉంటుంది. హోటల్ మేనేజ్‌మెంట్ పాఠాల్లో అమెరికాలో హాలిడే ఇన్ అనే హోటళ్ల సంస్థను స్థాపించిన కెమ్మన్స్ విల్సన్ గురించి చదివినప్పుడు, ఆయన వ్యాపారమంతా ఇలాంటి అదనపు వసూలు మీద కోపంతోనే మొదలైందని తెలిసి నవ్వొచ్చింది. అయితే ఆయనను కొందరు చవక హోటళ్లకు ఆద్యుడంటున్నారు, మరికొందరు ఆయనవి మధ్యతరగతి హోటళ్లంటున్నారు. ఆయన నిజంగా ధర తగ్గించారా, లేక మరేదైనా చేశారా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు – పాత లెక్కల పుస్తకం

మీరు చదివిన కోపం కథ నిజమే. 1951లో విల్సన్ భార్యనూ అయిదుగురు పిల్లలనూ కారులో ఎక్కించుకొని మెంఫిస్ నుంచి వాషింగ్టన్‌కు బయలుదేరారు. దారిలో మోటళ్లవారు, అంటే కారు ప్రయాణికుల కోసం రోడ్డు పక్కన లాడ్జీలు నడిపేవారు, గది అద్దె ఒకటి చెప్పి, పిల్లలను చూడగానే తలకు రెండు డాలర్ల చొప్పున కలిపేవారు. అంటే ఆరు డాలర్ల గది పదహారు డాలర్లయ్యేది. ఆయన ఆ ప్రయాణంలోనే టేపు పట్టుకొని గదుల కొలతలు తీసుకున్నారు, ఇలాంటివి నాలుగు వందలు కడతానని చెబితే భార్య నవ్వారు. 1952 ఆగస్టులో మెంఫిస్‌లోని సమ్మర్ అవెన్యూలో 120 గదులతో మొదటి హాలిడే ఇన్ తెరిచారు. ఒక్కరికి నాలుగు డాలర్లు, ఇద్దరికి ఆరు. తల్లిదండ్రుల గదిలోనే పడుకునే పిల్లలకు ఏమీ లేదు. నక్షా గీసిన ఎడ్డీ బ్లూస్టీన్ అప్పుడే చూసిన ఒక సినిమా పేరును సరదాగా కాగితం మీద రాస్తే, అదే పేరు స్థిరపడిపోయింది.

ఈ లెక్క చూసే చూపు ఆయనకు చిన్నప్పుడే అబ్బింది. 1913లో ఆర్కన్సాస్‌లో పుట్టిన ఆయన, తొమ్మిది నెలల వయసులోనే తండ్రిని కోల్పోయారు. తల్లికి ఉద్యోగం పోయినప్పుడు హైస్కూలు చదువు ఆపేసి, యాభై డాలర్ల పాప్‌కార్న్ యంత్రాన్ని అప్పుకు తెచ్చి సినిమా హాలు దగ్గర పెట్టారు. తనకు వచ్చే జీతం కంటే కుర్రవాడికి ఎక్కువ మిగులుతోందని గమనించిన హాలు మేనేజరు ఆ వ్యాపారాన్ని తనే తీసేసుకున్నాడు. సొంత స్థలం లేని వ్యాపారి గతి ఏమిటో ఆయనకు అక్కడే తెలిసివచ్చిందని నా అభిప్రాయం.

ఇక మీ ప్రశ్నకు వస్తే, ఆయన తగ్గించింది ధరను కాదు, అనుమానాన్ని. గదిలో ఏసీ, టీవీ, ఫోను, బయట ఈతకొలను, ఒక భోజనశాల, ముందే తెలిసిన అద్దె, ఇవన్నీ ఏ ఊళ్లోనైనా ఒకేలా ఉంటాయన్న నమ్మకాన్నే ఆయన అమ్మారు.

జవాబు – రాత్రి డ్యూటీ, మెంఫిస్

నేను ఈ ఊళ్లో పదకొండేళ్లుగా ఒక చిన్న మోటెల్ ఫ్రంట్ డెస్కులో రాత్రి పని చేస్తున్నాను. సమ్మర్ అవెన్యూలోని ఆ మొదటి భవనాన్ని ఎప్పుడో పడగొట్టేశారు, దాని గుర్తుగా ఒక ఫలకం మాత్రం ఉంది.

పైవారు చెప్పిన నమ్మకం ఒక్క మనిషి డబ్బుతో దేశమంతటా వ్యాపించలేదు. ఇళ్లు కట్టే వాలెస్ జాన్సన్‌ను భాగస్వామిగా చేర్చుకొని, ఊరూరా ఉన్న బిల్డర్లకు ఫ్రాంచైజీలు, అంటే హాలిడే ఇన్ పేరుతో హోటల్ నడుపుకొనే హక్కులు, అమ్మాలని చూస్తే మొదట ముందుకొచ్చినవారు కొద్దిమందే. 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం రావడం, మరుసటి ఏడాది కంపెనీ షేర్లు అమ్మడం కలిసివచ్చాయి. 1968 నాటికి హోటళ్ల సంఖ్య వెయ్యికి చేరింది. నా ఉద్దేశంలో అన్నిటికంటే పెద్ద అడుగు 1965లో కంప్యూటర్ల కంపెనీ ఐబీఎంతో కలిసి పెట్టిన హోలిడెక్స్ అనే కంప్యూటర్ బుకింగ్ వ్యవస్థ. ఒక ఊరి కౌంటరులో నిలబడి రేపు దిగబోయే ఊళ్లో గదిని అప్పటికప్పుడే ఖాయం చేసుకొనే వీలు దానితో కలిగింది. తెల్లవారుజామున మూడింటికి నైట్ ఆడిట్, అంటే ఆ రోజు లెక్కలు సరిచూడడం, ముగించి రేపటి రాకపోకల జాబితా తీస్తున్నప్పుడు, మేము నేటికీ ఆ పద్ధతి మీదే బతుకుతున్నామని అనిపిస్తుంది.

జవాబు – తూకంరాయి

ఇద్దరూ చెప్పింది బాగుంది కానీ, పొగడ్త కాస్త ఎక్కువైంది. 1952లో బోర్డు చూసి కారు ఆపిన ప్రతి కుటుంబానికీ గది దొరికేదనుకుంటే పొరపాటు. దక్షిణాది రాష్ట్రాల్లో అప్పుడు జాతి వేర్పాటు అమలులో ఉండేది. తమకు ఎక్కడ గది ఇస్తారో చెప్పే గ్రీన్ బుక్‌ను దగ్గర పెట్టుకొని నల్లజాతివారు ప్రయాణించేవారు. మెంఫిస్‌లో అలాంటివారు దిగే లోరెయిన్ మోటెల్‌లోనే 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. హోటళ్లలో ఈ వివక్షను నిషేధించిన చట్టం 1964లో గానీ రాలేదు.

చవక అన్న మాటకు నిజంగా తగినవారు విలియమ్ బెకర్, పాల్ గ్రీన్. వారు 1962లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో ప్రారంభించిన మోటెల్ 6 పేరులోనే అప్పటి ఆరు డాలర్ల అద్దె ఉంది. ఫోను లేదు, భోజనశాల లేదు, టీవీ చూడాలంటే నాణెం వేయాలి. విల్సన్‌ను ఒకే పేరుతో ఏ ఊళ్లోనైనా ఒకేలా ఉండే మోటళ్ల పద్ధతికి ఆద్యుడనవచ్చు, చవకదనానికి కాదు. ఆయన 1979లో తప్పుకున్నాక ఆ పేరు చివరకు బాస్ అనే బ్రిటిష్ బీరు కంపెనీ చేతికి వెళ్లింది. ఆయన మాత్రం ఖాళీగా కూర్చోలేదు. ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ పక్కన ఆరెంజ్ లేక్ రిసార్టు కట్టారు, 2003లో తొంభయ్యో ఏట మరణించారు.

లాడ్జి అబ్బాయి

ముగ్గురికీ ధన్యవాదాలు. రాత్రి భోజనాల దగ్గర ఇదంతా నాన్నగారికి చదివి వినిపించాను. పన్నెండేళ్ల లోపు పిల్లలకు పరుపు ఉచితమని రాయించడానికి ఒప్పుకున్నారు. పెద్దవాళ్ల నూట యాభై మాత్రం తీసేది లేదన్నారు. ఉతికేవాడు విల్సన్ కథ విని దుప్పటికి డబ్బులు తగ్గించడట.