బాల్ పైథాన్ పిల్లకు ఏ ఎలుకను, ఎంత పరిమాణంలో ఇవ్వాలి?

ప్రశ్న (డాలస్, టెక్సస్)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఎంతో కాలంగా అడుగుతుండగా, పెంపకంలోనే పుట్టిన ఒక బాల్ పైథాన్ (విషం లేని చిన్న కొండచిలువ జాతి పాము) పిల్లను ఈ మధ్యే ఇంటికి తెచ్చుకున్నాము. దాని బరువు 150 గ్రాములు. అమ్మినవారు ఇంతవరకు దానికి బతికున్న చిట్టెలుకలనే వేసేవారట. మాతో ఉండే మా అత్తగారికి ఇంట్లోకి ఎలుకలు తేవడం, పైగా వాటిని ఫ్రీజర్‌లో పెట్టడం బొత్తిగా ఇష్టం లేదు. కోడి మాంసం చిన్న ముక్కలుగా కోసి వేస్తే సరిపోదా అని ఆవిడ అడుగుతున్నారు. ఇంట్లో నాలుగేళ్ల పాప కూడా ఉంది. ఏ జంతువును, ఎంత బరువున్నదాన్ని, ఏ రూపంలో ఇవ్వాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (హ్యూస్టన్)

మీ అత్తగారు అడిగినది సబబైన ప్రశ్న కనుక ముందుగా దానికే సమాధానం చెబుతాను. పాము తన ఆహారాన్ని బొచ్చు, ఎముకలు, పేగులతో సహా మింగుతుంది. దానికి కావలసిన కాల్షియం ఎముకల నుంచి, విటమిన్ ఎ ముఖ్యంగా కాలేయం నుంచి అందుతాయి. విడి మాంసంలో భాస్వరం ఎక్కువగా, కాల్షియం చాలా తక్కువగా ఉంటాయి కాబట్టి, ఎదిగే పిల్లకు నెలల తరబడి కోడి ముక్కలే వేస్తే ఎముకలు బలహీనపడి ఒళ్ళు వంకరపోయే ప్రమాదం ఉంది. అందువల్ల జంతువును పూర్తిగానే ఇవ్వాలి.

ఇక పరిమాణం. ఈ వయసులో ఒక పూట ఆహారం పాము బరువులో 10 నుంచి 15 శాతం ఉంటే చాలు. అంటే మీ పిల్లకు 15 నుంచి 22 గ్రాముల జంతువు, సుమారు వారానికి ఒకసారి సరిపోతుంది. దుకాణాలలో ఒళ్ళంతా గులాబీ రంగులో ఉండే పసికూనను పింకీ అని, నూగు వచ్చినదాన్ని ఫజ్జీ అని, కళ్ళు తెరిచి గెంతే దశలో ఉన్నదాన్ని హాపర్ అని అమ్ముతారు. అయితే ఒకే పేరుతో ఒక్కొక్కరు ఒక్కొక్క బరువుది ఇస్తారు కనుక పేరును కాక గ్రాములను అడిగి కొనండి. తూకం లేనప్పుడు, పాము నడుము ఎంత లావుందో ఎలుక కూడా ఇంచుమించు అంతే లావుండేలా చూసుకోండి. మరీ పెద్దది వేస్తే కక్కేయవచ్చు. అలా జరిగితే మళ్ళీ రెండు వారాల వరకు ఏమీ వేయకుండా ఆగాలి.

చిట్టెలుకలకు (మౌస్) బదులు పెద్ద ఎలుక జాతి (ర్యాట్) పిల్లలను ఇప్పటి నుంచే అలవాటు చేయమని నా సలహా. పూర్తిగా ఎదిగిన చిట్టెలుక కూడా సాధారణంగా 20, 30 గ్రాములు మించదు. మీ పాము ఎదిగి కిలో దాటాక అవి ఆనవు. ఒక రుచికి అలవాటుపడిన బాల్ పైథాన్‌ను అప్పుడు మార్చడం మహా కష్టం.

జవాబు 2 (న్యూజెర్సీ)

నేను సరీసృపాలకు వైద్యం చేసే ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. బతికున్న ఎలుకను వేయడం దయచేసి మానండి. పాము ఆకలిగా లేని రోజున ఎలుక ఊరికే కూర్చోదు. దాని ముందు పళ్ళు పాము వీపు మీది పొలుసులను, కింది కండను వెన్నెముక వరకు కొరికేసిన కేసులకు మేము చికిత్స చేస్తుంటాము.

గడ్డకట్టిన ఎలుకను ముందురోజు రాత్రి ఫ్రీజర్ నుంచి తీసి చల్లని చోట కరగనిచ్చి, వేసే ముందు సంచిలో బిగించి వేడినీటిలో ఉంచండి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, ఒకచోట ఉడికి మరొకచోట గడ్డగానే ఉండిపోతుంది. బాల్ పైథాన్ పై పెదవి వెంట వేడిని పసిగట్టే చిన్న గుంటలు ఉంటాయి. అందుకే ఎలుక ఒళ్ళు 38 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటుగా ఉండి, తల మరికాస్త వెచ్చగా ఉంటే వెంటనే అందుకుంటుంది. పొడవాటి పట్టకారుతో పట్టుకుని నెమ్మదిగా కదిలించండి. అది కాటేసి, చుట్టచుట్టి, తర్వాత నాలుక ఆడిస్తూ తల ఎటుందో వెతుక్కుని అక్కడి నుంచి మింగుతుంది. ఆ తర్వాత రెండు రోజులు దాన్ని చేతిలోకి తీసుకోవద్దు.

మీ అత్తగారి అభ్యంతరం ఆరోగ్యరీత్యా కూడా సరైనదే. గడ్డకట్టించినంత మాత్రాన సాల్మొనెల్లా (విరేచనాలు, జ్వరం తెచ్చే బ్యాక్టీరియా) చావదు. అమెరికాలో ఇలాంటి ఎలుకల వల్ల మనుషులకు అది సోకిన సందర్భాలు ఉన్నాయి. ఎలుకలకు విడిగా ఒక చిన్న ఫ్రీజర్ కొనండి. వంటింటి గిన్నెలను, తూకాన్ని, సింకును ఈ పనికి వాడకండి. అయిదేళ్ల లోపు పిల్లలు పామును, దాని పెట్టెను, ఎలుకలను తాకకూడదని ఇక్కడి వైద్యాధికారులు స్పష్టంగా చెబుతారు కనుక మీ పాపను దూరంగా ఉంచండి.

అనుబంధ ప్రశ్న (హైదరాబాద్)

నా దగ్గర నమోదు చేయించుకున్న బాల్ పైథాన్ ఉంది. గడ్డకట్టిన ఎలుకలు ఇక్కడ సులువుగా దొరకవు. బోనులో పడిన ఇంటి ఎలుకను వేయవచ్చా?

జవాబు 1 (హ్యూస్టన్)

వద్దండి. ఆ ఎలుక ఏ ఇంట్లో ఏ మందు తిని వచ్చిందో మీకు తెలియదు. బ్రోమాడియోలోన్ వంటి ఎలుకల మందులు తిన్న ఎలుక కొన్ని రోజుల పాటు మామూలుగానే తిరుగుతూ, పట్టుకునేటప్పటికి చురుకుగానే కనబడుతుంది. కానీ రక్తం గడ్డకట్టనివ్వని ఆ విషం దాని కాలేయంలో నిలిచి ఉంటుంది. దానికి తోడు పురుగులు, గోమార్లు. పెంపకం ఎలుకలను అమ్మేవారి దగ్గర తీసుకోండి, కుదరకపోతే కొంతకాలం ఆగండి. మంచి కండపట్టి ఉన్న పెద్ద పాము కొన్ని వారాలు తినకపోయినా దానికేమీ కాదు. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలనీలంగా మారినప్పుడు, చలికాలంలోనూ అది తనంతట తానే తిండి మానేస్తుంటుంది. బరువు మాత్రం క్రమం తప్పకుండా చూసి రాసుకుంటూ, తగ్గుతున్నట్టు కనబడితే సరీసృపాల వైద్యునికి చూపించండి.