పీఎఫ్ పోర్టల్‌లో ఫారం 19 కనిపించడం లేదు, అర్జెంటు

గోదావరి కుర్రోడు (ఆగస్టు 2024)
పొద్దున్నుంచి పీఎఫ్ పోర్టల్ ముందే కూర్చున్నాను. మొత్తం డబ్బు తీసేసుకుందామంటే ఫారం 19 ఆప్షనే రావట్లేదు, మధ్యలో కొంత అడ్వాన్స్ తీసుకునే ఫారం 31 ఒక్కటే చూపిస్తోంది. కేవైసీ అంతా అప్రూవ్ అయింది. నా డబ్బు నాకివ్వడానికి ఇంత కష్టమేంటి? ఎవరైనా చెప్పండి ప్లీజ్.

మణి
క్లెయిమ్‌తో అప్‌లోడ్ చేసే చెక్కు మీద మీ పేరు ప్రింటయి ఉందా? లేకపోతే రిజెక్ట్ చేస్తారు బ్రో.

గోదావరి కుర్రోడు
అసలు అక్కడిదాకా వెళ్తే కదా బ్రో!

పద్మజ
ఉద్యోగంలో ఉన్నారా, మానేశారా?

చీటీల మాస్టారు
బాబూ, పీఎఫ్‌ని నమ్ముకుంటే ఆపదలో ఇలాగే ఉంటుంది. నేను సర్వీసులో ఉన్నంతకాలం నెలనెలా చీటీ కట్టాను. అవసరం వస్తే పాట పాడుకోవడమే, కాకపోతే ష్యూరిటీ చూపించాలి. అయితే 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చీటీయే కట్టాలి. తెలిసినవాళ్లు కదా అని వీధిలో కడితే, వాళ్లు ఊరు విడిచి పోయాక చేసేదేం ఉండదు.

మణి
మాస్టారూ, అవసరంలో ఉన్నవాడే ఎక్కువ వదులుకుని పాడతాడు. అలాంటిది ఎమర్జెన్సీ ఫండ్ ఎలా అవుతుందండీ? ఆరు నెలల ఇంటిఖర్చు ఎఫ్‌డీలో ఉంటే కొంత వడ్డీ పోయినా అదే రోజు చేతికొస్తుంది.

చీటీల మాస్టారు
ఎఫ్‌డీ వేయడానికి ఒకేసారి అంత డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? చీటీ కడితేనే పొదుపు అలవాటవుతుంది.

గోదావరి కుర్రోడు
మానేశాను మేడం. జూన్ ఆఖర్లో మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. అది పోర్టల్‌లో ఉండదా?

పద్మజ
కంపెనీ వేస్తేనే ఉంటుంది. సర్వీస్ హిస్టరీలో డేట్ ఆఫ్ ఎగ్జిట్ చూడండి. ఖాళీగా ఉంటే మీరింకా పనిచేస్తున్నట్టే లెక్క, అందుకే 19 రాదు. మేనేజ్‌లో మార్క్ ఎగ్జిట్‌కి వెళ్లి ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. కానీ కంపెనీ చివరగా జమ చేసిన నెల నుంచి రెండు నెలలు దాటాలి.

గోదావరి కుర్రోడు
ఖాళీగానే ఉంది. హెచ్‌ఆర్ ఫోన్ ఎత్తట్లేదు. నేను ఆగలేను మేడం, నాన్నకి వచ్చే వారం గుండెకి స్టెంట్ వేయాలన్నారు. కంపెనీ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోయింది. చాలా టెన్షన్‌గా ఉంది.

పద్మజ
అయ్యో, అయితే ఎగ్జిట్ డేట్ సంగతి పక్కన పెట్టండి. మీకు కావాల్సింది ఆ ఫారం 31యే. కారణం దగ్గర అనారోగ్యం ఎంచుకోండి. గుండె జబ్బుకి, తల్లిదండ్రుల కోసమైనా ఇస్తారు. ఆరు నెలల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపిన మొత్తం, లేదా పీఎఫ్‌లో వడ్డీతో కలిపి మీ వాటా, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అంతవరకూ వస్తుంది. లక్ష దాకా ఆటోమేటిక్‌గా సెటిల్ చేసేలా ఈ ఏడాదే పరిమితి పెంచారు.

మణి
ఐదేళ్లు నిండకుండా విత్‌డ్రా చేస్తే టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారు, చూసుకోండి.

పద్మజ
అది ఫైనల్ సెటిల్‌మెంట్‌కి. ఇది అడ్వాన్స్.

మణి
ఏదైనా విత్‌డ్రానే కదా?

పద్మజ
కాదండీ. దీని మీద టీడీఎస్ ఉండదు, ఖాతా కూడా మూతపడదు. దయచేసి ఆయన్ని కంగారు పెట్టకండి.

ఖమ్మం అక్క
తమ్ముడూ, తెలంగాణ తెల్ల రేషన్ కార్డుంటే ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ డెస్క్ దగ్గర ముందు అడుగు. పరిమితి పోయిన డిసెంబరులోనే 10 లక్షలు చేశారు. పీఎఫ్ ఆలస్యమైతే బంగారం బ్యాంకులో పెట్టి తీసుకో, లోన్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకు. ఇది చదివేవాళ్లెవరైనా సరే, ఉద్యోగం ఉండగానే అమ్మానాన్నలకు సొంత పాలసీ తీసుకోండి. జబ్బు బయటపడ్డాక తీసుకుంటే దానికి ఏళ్ల తరబడి వెయిటింగ్ పెడతారు.

చీటీల మాస్టారు
పాలసీ ప్రీమియం కూడా చీటీ డబ్బుతోనే కట్టొచ్చు.

గోదావరి కుర్రోడు
మాకు కార్డు లేదక్కా. 31 పెట్టాను, అండర్ ప్రాసెస్ అని వస్తోంది. థ్యాంక్స్ మేడం.

నగేష్
నాకు కంపెనీవాళ్లు ఎగ్జిట్ డేట్ తప్పు వేశారు. అది ఎలా మార్చుకోవాలి?