బ్యాలే నేర్చుకునే మా అమ్మాయి తిండి తగ్గించేస్తోంది, ఏం చేయాలి?

మా అమ్మాయికి 13 ఏళ్లు. బ్యాలే అంటే ప్రాణం. ఈ మధ్య ఒళ్లు ఎదిగి భుజాలు, నడుము వెడల్పయ్యాయి. మా ఇంట్లో ఆడవాళ్లందరిదీ అదే శరీర తీరు, కడుపు మాడ్చుకుంటే మారేది కాదు. కానీ క్లాసులో సన్నగా ఉన్నవాళ్లనే టీచర్ మెచ్చుకుంటారని అద్దం ముందు నిలబడి బాధపడుతోంది. "తినేశానమ్మా" అంటూ భోజనం తప్పించుకుంటోంది.

మొదలైన నెలసరి కూడా ఆగిపోయింది. నాకు అసలు టెన్షన్ అదే. చేసే శ్రమకు సరిపడా తినకపోతే హార్మోన్లు తగ్గి, ఎముకలు గట్టిపడాల్సిన వయసులోనే బలహీనపడతాయని, సన్నటి పగుళ్లు కూడా రావచ్చని చదివాను. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు. బరువు మామూలుగానే ఉన్నా ఇది రావచ్చట.

ముందు పిల్లల డాక్టర్‌ని కలవాలా, సైకాలజిస్ట్‌నా? అమ్మాయి నలుగురిలో చిన్నబోకుండా టీచర్‌తో ఎలా మాట్లాడాలి? డాన్స్ మాన్పిస్తే ఇంకా కుంగిపోతుందేమోనని భయంగా ఉంది. ఇలాంటి పరిస్థితి దాటి వచ్చిన డాన్సర్లు, తల్లిదండ్రులు ఉంటే దయచేసి చెప్పండి. ముఖ్యంగా, ఇంట్లో ఏ మాటలు అనకూడదో కూడా.