కాటు పడ్డవాళ్లని వెంటనే చంపేయాలన్న నియమం ఆరుగురిని కాపాడుతుందా, ముంచుతుందా?

నిశాచరి (చర్చ మొదలు):
జాంబీల (లేచి తిరుగుతూ మనుషుల్ని కరిచే శవాల) కథ అనగానే అందరూ ఆయుధాల గురించే మాట్లాడతారు. నాకు మాత్రం మిగిలిన కొద్దిమంది ఒకే ఇంట్లో ఎలా నెగ్గుకొస్తారన్నదే ఆసక్తి. ఒక పరిస్థితి ఇస్తున్నాను, దీని మీదే వాదించండి.

ఆరుగురు మిగిలారు. రెండంతస్తుల ఇల్లు, కింది తలుపులన్నీ బిగించేశారు. నీళ్లకీ సరుకులకీ రోజూ ఇద్దరు బయటికి వెళ్లి రావాలి. జబ్బు కాటుతోనే అంటుతుంది. మనిషి జాంబీగా మారడానికి కొన్ని గంటలు పట్టొచ్చు, ఒక రోజు పట్టొచ్చు. కాటు పడ్డవాళ్లందరూ మారతారో లేదో ఆ ఆరుగురికీ తెలియదు. మందు లేదు. మొదటి వారంలోనే ఒక నియమం పెట్టుకున్నారు: కాటు పడింది ఎవరికైనా సరే, అక్కడికక్కడే చంపేయాలి. ఓట్లు అడగడం, బతిమాలుకోవడం ఉండవు.

ఈ నియమం వాళ్లని కాపాడుతుందా? నేను "ముంచుతుంది" అనే పక్షం. ముందు మీరు కానివ్వండి.

ఇనుపతలుపు:
ఇందులో చర్చించడానికి ఏముందండీ? కాపాడుతుంది. మందు లేని చోట కనికరం చూపిస్తే ఒకరితో పోయేది ఆరుగురి మీదకి వస్తుంది. జాలిపడి గదిలో ఉంచారనుకోండి, కాపలా ఎవరు? రాత్రంతా ఒకరు మేలుకోవాలి. మర్నాడు బయటికి వెళ్లేది ఆ నిద్రలేని మనిషే, రెండో కాటు పడేదీ వాడికే. పైగా ముందే ఒప్పుకున్న నియమం కాబట్టి తర్వాత ఒకరి మీద ఒకరికి పగ ఉండదు. అప్పటికప్పుడు తేల్చుకుందాం అంటే మాత్రం, చచ్చేది నీ తమ్ముడా నా భార్యా అని కొట్టుకుంటారు.

లెక్కలమాస్టారు:
ఇనుపతలుపు గారి వైపు ఒక సాక్ష్యం ఉంది. 2009లో కెనడాలోని ఒటావాకి చెందిన గణితవేత్త రాబర్ట్ స్మిత్, ఆయన విద్యార్థులు కలిసి జాంబీల వ్యాప్తి మీద నిజంగానే పరిశోధనా పత్రం రాశారు. (ఆయన తన ఇంటిపేరు చివర ప్రశ్నార్థకం పెట్టుకున్నారు, జాంబీలతో దానికి సంబంధం లేదు లెండి.) అంటువ్యాధులకి వాడే మామూలు సమీకరణాలే తీసుకుని మూడు దారులు లెక్కగట్టారు. సోకినవాళ్లని విడిగా బంధిస్తే ముగింపు కాస్త ఆలస్యమవుతుంది, అంతే. మందు దొరికితే జాంబీల మధ్యే కొద్దిమంది మనుషులు మిగులుతారు. పదేపదే, ప్రతిసారీ ఇంకాస్త బలంగా దాడి చేస్తూ పోతేనే జబ్బు పూర్తిగా పోతుంది. అంటే గదిలో పెట్టడం అనే ఆలోచన లెక్కల్లో ఓడిపోయింది.

గోడమీదిపిల్లి:
చెయ్యి నరికేస్తే సరిపోతుంది కదా? సగం కథల్లో అదే చేస్తారు.

తెల్లకోటు:
పిల్లి గారూ, ఒంట్లో రక్తం ఒక చుట్టు తిరిగి రావడానికి దాదాపు ఒక నిమిషం చాలు. ఆ జబ్బు రక్తంలో పోయేదైతే గొడ్డలి వెతికేలోపే ఆలస్యమైపోతుంది. రేబిస్ లాగా నరాల వెంట నెమ్మదిగా పాకేదైతే కాస్త టైమ్ ఉంటుంది. ఏ దారిన పోతుందో తెలియకుండా చెయ్యి నరికితే, రక్తం ఆపలేక చచ్చిపోయే అవకాశమే ఎక్కువ. ఆ టాపిక్ ఇక్కడితో వదిలేద్దాం.

అసలు విషయానికి వస్తే, ఇక్కడ అందరూ కాటు పడ్డ సంగతి మనకి తెలిసిపోతుందన్నట్టు మాట్లాడుతున్నారు. ఎలా తెలుస్తుంది? బయటికి వెళ్లింది ఇద్దరు. తిరిగొచ్చాక ఆ మనిషి చెబితేనే తెలుస్తుంది. చెబితే చస్తాడు. చెప్పకపోతే, ఏమో, మారకపోవచ్చేమో అన్న ఆశైనా ఉంటుంది. మీరైతే చెబుతారా?

1665లో లండన్‌లో ప్లేగు వచ్చినప్పుడు ఒక ఇంట్లో ఒక్కరికి సోకినా ఇంటిల్లిపాదినీ లోపల పెట్టి తలుపు మూసేవారు. తలుపు మీద ఎర్ర శిలువ గీసి, బయట కాపలా పెట్టేవారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ రోగితో పాటే నలభై రోజులు అదే ఇల్లు. ఏమైంది? జనం రోగుల్ని దాచడం మొదలుపెట్టారు. కాపలావాళ్లకి లంచాలిచ్చారు, వాళ్లని కొట్టి మరీ పారిపోయారు, పారిపోయిన చోటికి జబ్బుని మోసుకెళ్లారు. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా అప్పుడూ అంతే. చికిత్సా కేంద్రానికి వెళ్తే శవమై తిరిగొస్తారన్న భయంతో చాలా కుటుంబాలు రోగుల్ని ఇళ్లలోనే దాచుకున్నాయి. శిక్ష ఎంత పెద్దదైతే దాచడం అంత ఎక్కువ.

నిశాచరి:
నేను చెప్పాలనుకున్నది ఇదే. దాచిన కాటు ఎక్కడ బయటపడుతుందో ఆలోచించండి. అందరూ పక్కపక్కన పడుకున్న గదిలో, అర్ధరాత్రి. చంపకుండా విడి గదిలో పెడతామంటే, చెప్పిన కాటు గడియ వేసిన గదిలో ఉంటుంది. ఆ ఇంట్లో ఆరుగురి ప్రాణాలూ ఒక మనిషి నోరు విప్పడం మీద ఆధారపడి ఉన్నాయి. ఆ నోరు మూయించే నియమం ఎంత కఠినంగా ఉంటే ఏం లాభం?

మాస్టారూ, మీ సమీకరణాల మీద గౌరవం ఉంది. కానీ అవి నగరం మొత్తానికి వేసిన లెక్కలు. ప్రపంచంలో జబ్బు అంతరిస్తుందా అన్నది వాళ్ల ప్రశ్న, మన ఆరుగురికి తెల్లారుతుందా అన్నది నా ప్రశ్న. ఆ లెక్కలో మనుషులు అబద్ధమాడరు, తమ్ముడి గాయాన్ని చొక్కా కింద దాచరు.

లెక్కలమాస్టారు:
ఒప్పుకోదగ్గ అభ్యంతరమే. అయితే చిన్న గుంపు అంటున్నారు కాబట్టి ఇంకో లెక్క. పెద్ద నగరంలో అనుమానంతో ఒక మనిషిని పొరపాటున చంపితే, గుంపు బలం రీత్యా అది కనిపించని నష్టం. ఆరుగురిలో ఒకరిని పొరపాటున చంపితే బలంలో ఆరో వంతు పోయినట్టు. ముళ్లకంప గీరుకున్నా, కిటికీ అద్దం కోసుకున్నా చూడ్డానికి కాటులాగే ఉండొచ్చు. చీకట్లో, భయంలో చూసేవాళ్లకి తేడా ఏం తెలుస్తుంది? ఇలాంటి పొరపాట్లు రెండు జరిగితే రోజూ బయటికి పంపడానికి మనుషులే చాలరు.

ఇనుపతలుపు:
దాస్తారు అంటున్నారు కదా, సింపుల్. బయటి నుంచి రాగానే గుమ్మం దగ్గరే ఇద్దరూ బట్టలు విప్పి ఒంటి మీద ప్రతి అంగుళం చూపించాలి. దాచడానికి చోటే ఉండదు.

ఇంకోటి. చరిత్ర మీ వైపే ఉన్నట్టు మాట్లాడకండి. టైఫాయిడ్ మేరీ సంగతి తెలుసుగా? మేరీ మాలన్ అనే వంటమనిషి, తనకి ఏ లక్షణమూ లేకుండానే ఇతరులకి టైఫాయిడ్ అంటించింది. 1907లో న్యూయార్క్ దగ్గర ఒక దీవిలో విడిగా పెట్టారు. 1910లో జాలిపడి, ఇక వంట చేయనని మాట తీసుకుని వదిలేశారు. ఆవిడ పేరు మార్చుకుని మళ్లీ వంటకే చేరింది. 1915లో పట్టుబడేసరికి ప్రసూతి ఆసుపత్రిలో వంట చేస్తోంది, అక్కడ 25 మందికి జబ్బు అంటింది, ఇద్దరు పోయారు. మీ కనికరానికి ఖరీదు అది.

తెల్లకోటు:
మేరీ కథ సగమే చెప్పారు. వదిలేసినప్పుడు ఆవిడకి బట్టలు ఉతికే పని చూపించారు. వంటపనిలో వచ్చే జీతం అందులో రాదు. తనకి జబ్బు ఉందన్న మాటే ఆవిడ ఏనాడూ నమ్మలేదు. నిజం ఒప్పుకుంటే బతుకుతెరువు పోతుంది, పేరు మార్చుకుంటే ఉంటుంది. ఆవిడ ఏది ఎంచుకుందో చూశాం. వదిలేయడం తప్పా, వదిలేసిన తీరు తప్పా అని అడిగితే నేను రెండోదే అంటాను. మళ్లీ పట్టుకున్నాక 1938లో చనిపోయేదాకా ఆ దీవిలోనే ఉంచారు, అదీ గుర్తుంచుకోండి.

ఇక గుమ్మం దగ్గర తనిఖీ మంచిదే, నియమం ఏదైనా అది ఉండాల్సిందే. కానీ చూసేది ఎవరు? ఆరుగురిలో భార్యాభర్తలుంటారు, అన్నదమ్ములుంటారు. గాయం కనిపిస్తే తన చేత్తో చావు రాసిచ్చినట్టే అని తెలిసిన మనిషి, తల తిప్పుకోడని గ్యారంటీ ఏంటి? అదే గాయానికి శిక్ష ఒక రోజు గదిలో ఉండటమే అయితే భార్య కూడా నిజమే చెబుతుంది.

గోడమీదిపిల్లి:
నేను ఇంకా గోడ మీదే. కాపలా ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

నిశాచరి:
చెబుతాను పిల్లి గారూ. కాపలా అక్కర్లేదు. బయటి నుంచి గడియ, దానికి అడ్డంగా బరువైన బీరువా. ఆ గదిని ఎవరికీ కాటు పడకముందే, మొదటి వారంలోనే సిద్ధం చేసుకోవాలి: నీళ్లు, దుప్పటి, బకెట్, గాయం కడగడానికి సబ్బు. తలుపు అవతల మనిషి ఉన్నంతసేపూ ఎవరో ఒకరు మాట కలుపుతూ ఉండాలి, నిద్రవేళ గంటకోసారి పిలిస్తే చాలు. వంతులు వేసుకుంటే ఎవరికీ రాత్రంతా జాగారం ఉండదు. ఒక రోజు దాటినా మనిషి మనిషిలాగే పలుకుతుంటే ఇంకో రోజు చూసి బయటికి తీసుకురావడమే. పైగా కాటు పడ్డా మారనివాళ్లు ఉన్నారా అన్న ప్రశ్నకి జవాబు దొరికేది ఆ గదిలోనే. అక్కడికక్కడే చంపేసే ఇంట్లో ఆ జవాబు ఎప్పటికీ దొరకదు.

పలకడం ఆగిపోతే ఏం చేయాలో నాకూ తెలుసు, నేనేం మెత్తగా మాట్లాడటం లేదు. చంపాల్సి వస్తే చంపాలి. ఆ పని జరిగేది ఆ మనిషి వెళ్లిపోయాక, వేరేది మిగిలాక.

ఇనుపతలుపు:
గది వినడానికి బాగానే ఉంది. రెండో వారానికే ఎలుకలు పడతాయి, సామాను నింపేస్తారు, అసలు అవసరం వచ్చేసరికి గడియ తుప్పుపట్టి ఉంటుంది. మనుషుల గురించి నాకున్న అనుభవం అది. నా ఓటు మారదు. అయినా మీ పద్ధతే నడుస్తుందనుకుందాం, రెండు షరతులు పెట్టండి. గడియ తీసే అధికారం ఆ మనిషి కుటుంబంలో ఎవరికీ ఉండకూడదు. పలకడం ఆగాక లోపలికి వెళ్లేది ఎవరో ముందే చీటీలు వేసి తేల్చాలి, ఆ రాత్రికి కాదు.

తెల్లకోటు:
మొదటి షరతు వెంటనే ఒప్పుకుంటాను. రెండోదే ఆలోచించాలి. చీటీలో వచ్చిన పేరే కాటు పడ్డ మనిషిదైతే?

ఇనుపతలుపు:
రెండో చీటీ.